కుంచంతో కొలిచిన ప్రేమ

కొర్రకొత్త రోజు. డుంబ్రిగుడ మండలంలో, తారురోడ్డు దిగి గంటన్నర నడిస్తే వచ్చే ఊరు. పొద్దున్నే ఊరి పూజారి కోడిని కోసి, కొత్త కొర్రలు వండి దేవతకు పెట్టి వచ్చాడు. అది అయ్యేదాకా ఆ ఊళ్ళో ఎవరూ కొత్త గింజ నోట పెట్టరు. నేను కూర్చున్న ఇంట్లో తల్లి పొయ్యి పక్క మూలన పెద్దల పేరు చెప్పి పిడికెడు అన్నం పెట్టింది. ఆ తర్వాత కొడుక్కి అడ్డాకు విస్తరి వేసింది. కొర్రన్నం, చిక్కుడుగింజల కూర. కొడుకు రెండేళ్ళ కిందట బాప్తిస్మం పొందినవాడు. గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపలికి రాలేదు, మాట్లాడలేదు. ఆవిరి పోయి అన్నం చల్లారింది. ఆకు అంచున ఈగలు వాలుతుంటే ఆమె చేత్తో తోలి, తోలి, చివరికి విస్తరిని నా వైపు జరిపింది.

"నువ్వైనా తిను బాబూ. ఆడి ఏసుకి నా సేతి కూడు పడదంట."

నేనూ క్రైస్తవుణ్ణే, మూడు తరాలుగా. జర్మనీ నుంచి బ్రెక్లం లూథరన్ మిషనరీలు 1882లో కొండకవతల కోరాపుట్ చేరి, తర్వాత సాలూరు వైపు సంఘాలు పెట్టారు. అలాంటి ఒక సంఘంలో మా తాత ఉపదేశి. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెప్పబోయి ఊరుకున్నాను. విగ్రహాలకు పెట్టిన వాటి గురించి పౌలు కొరింథీయులకు రాసిన అధ్యాయం బుర్రలో గింగిరాలు తిరుగుతుండగానే తిన్నాను. తప్పే చేశానేమో, దాని సంగతి నేనూ దేవుడూ చూసుకుంటాం. నన్ను ఇంటికి వచ్చాక కూడా నిద్రపోనివ్వనిది ఆమె అన్న మాట. ఆమె సువార్త చదవలేదు, చదవడం రాదు. ఆమెకు తెలిసిన ఏసు అంటే కొడుకు కట్టుకున్న ఆ రెండు చేతులే.

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టను. నేర్పింది చేశాడు. అంతకు నాలుగు రోజుల ముందు జరిగిన కూడికలో నేనూ ఉన్నాను. షామియానా, జనరేటరు, మైదానం నుంచి కారులో వచ్చిన ప్రసంగీకుడు. క్రీస్తును అన్నిటికన్నా ఎక్కువగా ప్రేమించడం ఎలాగో ఆయన విడమరిచి చెప్పాడు. తల్లిని తక్కువ ప్రేమించాలి, ఊరిని తక్కువ ప్రేమించాలి, తెగ అన్న మాటే మరిచిపోవాలి, పండగ జోలికి అసలే పోకూడదు. ఎంత తెంచుకుంటే అంత ప్రేమ ఉన్నట్టు. జనం ఆమేన్ అన్నారు. నా పక్కన కునికిపాట్లు పడుతున్న ముసలాయన కూడా ఉలిక్కిపడి లేచి ఆమేన్ అన్నాడు.

ఇది ఒక్క ప్రసంగీకుడి పైత్యం అయితే ఈ వ్యాసం అక్కర్లేదు. అనంతగిరి నుంచి ముంచింగిపుట్టు దాకా, అటు మన్యం జిల్లాలోనూ, విశాఖ మురికివాడల చర్చిల్లోనూ నేను వింటున్న మాట ఇదే. సాక్ష్యం చెప్పడానికి లేచినవాడు ఏం వదిలేశాడో చెబుతాడు, ఎవర్ని వదిలేశాడో చెబుతాడు. వదిలిన జాబితా పొడుగైనకొద్దీ చప్పట్లు. ఈ మాట తప్పని నా వాదన. మరీ కఠినంగా ఉందని అనడం లేదు. అది సువార్తకే ఎదురు మాట అంటున్నాను.

దాని అడుగున ఒక లెక్క ఉంది. సంతల్లో ఇప్పుడు అంతా కిలోల్లోనే గానీ, కొండ మీద పాతవాళ్ళ ఇళ్ళల్లో కుంచం ఇంకా కనబడుతుంది. మనిషి గుండెలో ఉన్న ప్రేమ ఒక్క కుంచెడు గింజలన్నట్టు, క్రీస్తు సంచిలో పోయాలంటే తల్లి సంచిలోంచి తీయాలన్నట్టు వాళ్ళు మాట్లాడతారు. ఇంకో వింత. క్రీస్తు పేరు చెబితేనే గిట్టనివాళ్ళు కూడా ఇదే కుంచం పట్టుకుని తిరుగుతున్నారు. "ఏసును అంతలా ప్రేమించేవాడు ఇంక మనవాడెలా అవుతాడు?" అంటారు వాళ్ళు. ఒకరు వేదిక మీద, ఒకరు వేదిక కింద. కొలత మాత్రం ఒకటే. వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు మా వాళ్ళతో.

లూకా సువార్త పద్నాలుగో అధ్యాయం వాళ్ళ బ్రహ్మాస్త్రం. తండ్రినీ తల్లినీ భార్యాపిల్లల్నీ ద్వేషించనివాడు నా శిష్యుడు కాలేడని ఏసు అన్నట్టు అక్కడ ఉంది. ద్వేషం అన్న ఆ మాటను మైకులో నాలుగుసార్లు పలికితే చాలు, సభ సద్దుమణుగుతుంది. కానీ ఆ మాటకు బైబిల్లో ఎలాంటి వాడుక ఉందో చూడాలి కదా. ఆదికాండం ఇరవైతొమ్మిదో అధ్యాయం తెరవండి. యాకోబు లేయా కంటే రాహేలును ఎక్కువ ప్రేమించాడని ఒక వచనం చెబుతుంది. వెంటనే వచ్చే వచనంలో మూలభాష లేయా ద్వేషింపబడిందనే అంటుంది. ఆ ద్వేషింపబడిన లేయాకు యాకోబు వల్ల ఆరుగురు కొడుకులు, ఒక కూతురు! యూదుల నుడికారంలో ఇద్దరిలో రెండో స్థానంలో నిలిచినవాళ్ళ గురించి అలా అంటారు. అందుకే మత్తయి అదే బోధను రాసేటప్పుడు పదో అధ్యాయంలో నాకంటే ఎక్కువగా అన్న పోలికతోనే రాశాడు. ఏసు అడిగింది మొదటి చోటు. తల్లి చోటును ఖాళీ చేయమని ఆయన అడగలేదు.

ఇలా చెబితే మొన విరగ్గొట్టిన కత్తిని చేతికిస్తున్నావంటారు. సరే, మొన ఉన్న చోటే చూద్దాం. మార్కు ఏడో అధ్యాయం. తల్లిదండ్రులకు పెట్టాల్సిన సొమ్మును కొర్బాను అని, అంటే దేవుడికి అర్పించేశానని చెప్పి వాళ్ళ ఆకలికి తలుపేసుకునే ఆచారం ఒకటి అప్పటి భక్తుల్లో ఉండేది. ఏసు దాని మీద విరుచుకుపడ్డాడు. మీ సంప్రదాయం కోసం దేవుడి ఆజ్ఞనే కొట్టేస్తున్నారన్నాడు. ఆలోచించండి. దేవుణ్ణి అన్నిటికన్నా మిన్నగా ప్రేమిస్తున్నామనేవాళ్ళ చేతిలో తల్లి పస్తుండటమే అక్కడి నేరం. మన కూడికల్లో దాన్నే సాక్ష్యం అంటున్నారు.

నాకు తెలిసిన ఒకాయన, పెదబయలు వైపు. ఆయనకు ఎకరన్నర కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్ల మీద మిరియాల తీగలు. పళ్ళు కోసి, పప్పు తీసి, ఎండబెట్టి అమ్మితే వచ్చిన డబ్బు ఆ ఏడు మొత్తం మందిరం రేకులకు ఇచ్చేశాడు. వాళ్ళమ్మ ఇంటి పెంకులు రెండేళ్ళుగా జారి ఉన్నాయి. వానాకాలం ఆమె మేకల పాకలో పడుకుంది. "ప్రభువు చూసుకుంటాడు మాస్టారూ" అన్నాడు నాతో, నిజంగానే నమ్మి. మందిరం కిందికి చుక్క కారడం లేదు. తన ఇంటివాళ్ళను చూసుకోనివాడు విశ్వాసం లేనివాడి కంటే పాడు అని తిమోతికి రాసిన పౌలు కూడా మరి లోకస్తుడేనా?

మార్కు మూడో అధ్యాయం కూడా ఉందంటారు. తల్లీ తమ్ముళ్ళూ బయట నిలబడి పిలిపిస్తే నా తల్లి ఎవరు అని అడిగినవాడు ఈయనే కదా అని. ఉంది. దాన్ని దాటవేయను. ఆ మాట మరియకు తగిలే ఉంటుంది. కానీ ఆ మాటతో ఆయన ఇంటిని ఖాళీ చేశాడా, పెద్దది చేశాడా? చుట్టూ కూర్చున్న వాళ్ళందరినీ తల్లులూ అక్కచెల్లెళ్ళూ అన్నాడు. ఆఖరికి సిలువ మీద, ఊపిరి అందని గంటలో, ఆ తల్లిని శిష్యుడి చేతిలో పెట్టి ఆమె బతుక్కి ఏర్పాటు చేసిపోయాడు. లోకాన్ని రక్షించే పనిలో ఉన్నవాడికి తల్లి తిండి గురించి ఆలోచించే తీరిక ఉంది. మన వాళ్ళకు మూడు రోజుల కూడికలోనే అది దొరకడం లేదు.

తెలుగులో ఒక చక్కటి మాట ఉంది, వరస. వరస అంటే క్రమం. వరస అంటే చుట్టరికం కూడా. అగస్టీను తన దైవనగర గ్రంథం పదిహేనో భాగంలో ప్రేమకు సరైన వరస ఉండటమే సుగుణం అని చెప్పాడు. లాటిన్‌లో ఆ మాటకు చుట్టరికం అన్న అర్థం లేదు. మన భాషలో రెండూ కలిసొచ్చాయి. క్రీస్తును మొదటి వరసలో నిలిపినవాడికి మిగతా వరసలు చెరిగిపోవు. తల్లి తల్లి వరసలోనే ఉంటుంది. మేనమామ మేనమామే. వరస తప్పినప్పుడే చిక్కు. తల్లే దేవుడైనా చిక్కే, తెగే దేవుడైనా చిక్కే. సంఘమే దేవుడైతే అంతకంటే పెద్ద చిక్కు. అది దేవుడి గొంతుతోనే మాట్లాడుతుంది కాబట్టి కనిపెట్టడం కష్టం.

ఇక కొత్తల సంగతి. కొర్రకొత్త, సామకొత్త, మామిడి కొత్త. కొత్త పంటను పైవాడికి చూపించకుండా నోట పెట్టకూడదన్న నియమం ఆదివాసీ ఇళ్ళల్లో ఎంత గట్టిగా ఉంటుందో అక్కడ ఏడాది ఉన్నవాళ్ళకు తెలుసు. పసిపిల్ల కూడా పచ్చి మామిడిపిందె కొరకదు. దీన్ని మా ప్రసంగీకుడు సాతాను కట్టడి అన్నాడు. ఆయన లేవీయకాండం ఇరవైమూడో అధ్యాయం ఎప్పుడైనా చదివాడా అని నాకు అనుమానం. మొదటి పనను దేవుడి ముందు అల్లాడించే రోజు వచ్చేదాకా రొట్టె గానీ, వేయించిన గింజ గానీ, పచ్చి వెన్ను గానీ తినకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ. పచ్చి వెన్ను దగ్గర నుంచీ మన కొండవాళ్ళ నియమమే! ద్వితీయోపదేశకాండం ఇరవైఆరులో మొదటి పంటను గంపలో పెట్టుకుని వెళ్ళి, మా పూర్వీకుడు దేశదిమ్మరి అని మొదలుపెట్టి తాతల కథ చెప్పుకోవాలి. తాతలను తలుచుకోవడమూ అందులో ఉంది.

అంటే దేవతకు కోడిని కోయడమూ, దేవుడికి గంప పెట్టడమూ ఒకటేనా? కాదు. ఇక్కడ నేను మెత్తబడను. ఆరాధన క్రీస్తుకే. జాకర దేవత ముందూ, శంకుదేవుడి ముందూ విశ్వాసి మోకరిల్లడు. పెద్దలకు పెట్టిన పిడికెడు దగ్గర తల వంచడు. ఆ కుర్రాడు ఆ ముద్ద వద్దన్నందుకు నాకు గౌరవమే. అన్నిటికన్నా మిన్నగా అన్న మాటకు పదును అక్కడే. కానీ వాడు నిరాకరించాల్సింది ఆరాధనను. ఆ పదునుతో తల్లి చేతిని కూడా కోసేశాడు. "అమ్మా, పెద్దలకు పెట్టకముందే నాకు ఒక గిన్నె తీసి పక్కన పెట్టవే" అన్న ఒక్క మాట వాడికి ఎవరూ నేర్పలేదు. కూడికలో మూడు రోజులు, పూటకు రెండు గంటలు మాట్లాడినవాళ్ళకు అది చెప్పడానికి అర నిమిషం పట్టేది. సిరియా సేనాపతి నయమాను తన రాజును చెయ్యి పట్టుకుని రిమ్మోను గుడికి తీసుకెళ్ళాల్సి వస్తుంది, అప్పుడు వంగక తప్పదు, క్షమిస్తాడా దేవుడు అని అడిగితే ఎలీషా ఎంత తేలిగ్గా శాంతితో వెళ్ళమన్నాడు! మా పాస్టర్లలో ఎవరైనా ఆ చోట ఉంటే నయమానుకు మళ్ళీ కుష్ఠు పట్టించేవారు.

దింసా ఆట గురించీ ఇదే తంతు. మైదానం నుంచి వచ్చేవాళ్ళకు అది ఒకటే మాట, దయ్యాల ఆట. అక్కడివాళ్ళకు దింసా ఒకటి కాదు. బోడ దింసా గ్రామదేవత పూజకు ఆడతారు. బాయా దింసాలో పూనకం ఉంటుంది. విశ్వాసి ఈ రెండింటికీ దూరంగా ఉంటానంటే ఆ మాటకు అర్థముంది. మరి పొతర్ తోలా? అది అడవిలో ఆకులేరుకోవడం. బాగ్ దింసా? పులి వస్తే తప్పించుకోవడం. ఆడవాళ్ళు ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, మోరీ ఊదుతుంటే, తుడుము, డప్పు, కిరిడి మోగుతుంటే, అడుగు అడుగూ కలుపుతూ పాము మెలికలా సాగే ఆ వరసలో క్రీస్తుకు పోటీగా ఎవరున్నారు? పెళ్ళి ఇంట ఆ వరసలోంచి ఒకామె చెయ్యి విడిపించుకుని వెళ్ళిపోతే ఆ ఖాళీ ఎలా ఉంటుందో చూశాను. రెండు పక్కలవాళ్ళూ ఒక్క క్షణం తడబడి, ఆమె చోటును మూసేసి మళ్ళీ చేతులు కలుపుకున్నారు. ఆమె చింతచెట్టు కింద కూర్చుని చీరకొంగు మెలిపెట్టుకుంటూ కాళ్ళతో తాళం వేస్తూనే ఉంది.

ఈ కొండల కిందనే, పర్లాకిమిడి దాపున పుట్టిన పురుషోత్తమ చౌధరి (1803–1890) బ్రాహ్మణుడు. క్రీస్తు కోసం కులం పోగొట్టుకున్నాడు. ఆ రోజుల్లో అంతకు మించి పోగొట్టుకునేది ఏముంది? అయినా ఇంట్లో అబ్బిన సంగీతాన్నీ పద్యాన్నీ పారేయలేదు. రాగతాళాలు వేసి వందకు పైగా కీర్తనలు కట్టాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకుని ఆదివారం పాడే మైదానం క్రైస్తవుడు ఆయన తాళానికి తల ఊపి, సోమవారం కొండెక్కి వచ్చి తుడుము పాపమంటే దాన్ని ఏమనాలి? మన పాత పుండు ఇంకొకటి కూడా ఉంది. పురాణాలు చదువుతున్నాడని గుర్రం జాషువాను క్రైస్తవులే వెలివేసినంత పని చేశారు. ఆ జాషువాకే క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పురాణాలు చదివి అబ్బిన పద్యంతోనే ఆయన క్రీస్తును పాడాడు.

తెంచుకోవడం తప్పనిసరి అని చెప్పడానికి మా వాళ్ళు ఒంగోలును చూపిస్తారు. బాగుంది, చూద్దాం. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ దగ్గర మొదలై, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజే 2,222 మందికి మిషనరీ జాన్ క్లౌ ఆధ్వర్యంలో ఆయన తోటి బోధకులు బాప్తిస్మం ఇచ్చేదాకా నడిచిన కథ అది. ఆ మాదిగలు చచ్చిన గొడ్డు మాంసం మానారు, జాతరలో డప్పు మానారు, ఆదివారం పనికి రామన్నారు. ఊరి పెత్తందార్లు పగబట్టారు. అన్నీ నిజమే. కానీ ఆ సువార్త పాకింది ఏ దారిన? పేరయ్య బంధువుల ఇళ్ళ దారిన, తోలు బేరాల దారిన, వియ్యంకుల పల్లెల దారిన. చుట్టరికాన్ని తెంచుకుని ఉంటే పేరయ్య ఒక్కడే మునిగి ఒక్కడే లేచేవాడు.

డోలీ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. నేను ఏజెన్సీలో పంతులుగా ఉన్న రోజుల్లో, శ్రావణమాసపు వాన రాత్రి, ఒక పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. రోడ్డు నాలుగు మైళ్ళు. దుప్పటిని బొంగుకు కట్టి డోలీ చేశారు. మోసేవాళ్ళు కనీసం ఎనిమిదిమంది కావాలి, భుజాలు మార్చుకోవడానికి. ఊళ్ళో ఆరుగురే దొరికారు. మిగతా మగాళ్ళు మందిరంలో రాత్రి ప్రార్థనలో ఉన్నారు. కబురు వెళ్ళింది. ప్రార్థన నడిపిస్తున్నతను, ముందు ఆమె కోసం ప్రార్థిద్దాం అన్నాడు. ఇద్దరు లేచి వచ్చేశారు. జారుడు రాళ్ళ మీద, గెడ్డ దాటేటప్పుడు నడుం లోతు నీళ్ళలో, బొంగును తలల మీదికెత్తి నడిచారు. నేను లాంతరు పట్టుకున్నాను, అంతకంటే ఏమీ చేయలేకపోయాను. ఒకడి భుజం మీద చర్మం లేచిపోయి చొక్కాకు నెత్తురు అంటుకుంది. పిల్లా, బిడ్డా దక్కారు. తర్వాతి ఆదివారం ఆ ఇద్దర్నీ సంఘంలో నిలబెట్టి, ప్రభువు సన్నిధి విడిచి ఎందుకు వెళ్ళారని అడిగారు. ఆ పిల్ల వాళ్ళ సంఘం మనిషి కాదు.

వాళ్ళలో పెద్దవాడు అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆయన సన్నిధి ఆ రేత్రి గెడ్డ కాడుంది పాస్టర్‌గారూ."

తిబెరియ సముద్రం ఒడ్డున చేపలు కాల్చిపెట్టి ఏసు పేతురును అడిగిన ప్రశ్న సరిగ్గా మన విషయమే, వీళ్ళకంటే నన్ను ఎక్కువ ప్రేమిస్తున్నావా అని. ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ పేతురు అవునన్నాడు. అయితే వీళ్ళను వదిలేసి వచ్చి నా దగ్గర కూర్చో అని ఒక్కసారైనా అన్నాడా? మూడుసార్లూ గొర్రెల దగ్గరికే పంపాడు. మేపు అన్నాడు, కాయి అన్నాడు. కుంచం లెక్కవాళ్ళకు ఈ అధ్యాయంతో ఏం చేయాలో తోచదు. క్రీస్తు సంచిలో పోసిన గింజలు అదే చేత్తో ఊళ్ళోకి తిరిగొచ్చేస్తున్నాయి మరి.

ఇప్పుడు అవతలి వాళ్ళ దగ్గరికి. క్రైస్తవుడైన గిరిజనుడు గిరిజనుడు కాడు, అతన్ని జాబితాలోంచి తీసెయ్యాలి అనే గోల కొన్నేళ్ళుగా పెరిగింది. 1950 షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో మతం షరతు ఉంది. షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో లేదు. అది పొరపాటున రాయకుండా పోయిన వాక్యం కాదు. తెగ అంటే పుట్టుక, భాష, నేల, వాటి వల్ల వచ్చిన వెనకబాటు. కార్తీక్ ఉరావ్ కేసులో పట్నా హైకోర్టు 1960ల్లోనే క్రైస్తవుడైన ఉరావ్ ఉరావ్‌గానే ఉంటాడని తేల్చింది. కేరళకు చెందిన చంద్రమోహనన్ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఇంకో మెలిక పెట్టింది. మతం మారినంత మాత్రాన హోదా పోదు గానీ, ఆ మనిషి ఇంకా తెగలో భాగంగా, దాని ఆచారాలతో బతుకుతున్నాడా అన్నది సాక్ష్యాధారాలతో తేల్చాలంది. ఇది చదివాక నాకు కూడిక గుర్తొచ్చి ఒళ్ళు మండింది. తెగ అన్న మాటే మరిచిపొమ్మని మైకులో చెప్పినాయన, జాబితాలోంచి కొట్టేయమనేవాళ్ళకు ఆ సాక్ష్యాధారాలను ఉచితంగా సమకూరుస్తున్నాడు. భూమి హక్కు పోయేది, పిల్లల చదువు పోయేది కొండవాడికి. ఆయన కారెక్కి కిందికి దిగిపోతాడు.

అరకు మీదుగా పోయే కిరండూల్ రైలెక్కితే జగదల్‌పూర్ వస్తుంది. ఆ బస్తర్ జిల్లాలో ఛింద్‌వాడా అనే ఊరు. 2025 జనవరి 7న అక్కడ ఒక పాస్టరు చనిపోయాడు. ఊళ్ళో పూడ్చడానికి వీల్లేదని కొందరు అడ్డుపడ్డారు. శవం జగదల్‌పూర్ ఆసుపత్రి మార్చురీలో దాదాపు ఇరవై రోజులు ఉంది. కొడుకు హైకోర్టుకు, ఆ తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు చెరొక మాట చెప్పారు. సొంత పొలంలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన చోటే పూడ్చాలని జస్టిస్ శర్మ. చివరికి దూరంగా కర్కాపాల్ శ్మశానంలో, పోలీసుల కాపలాతో పూడ్చమన్నారు. ఆ కొడుకు ఇంతా చేసి అడిగింది ఏమిటి? తన తండ్రిని తన తాత పడుకున్న మట్టిలోనే పడుకోబెట్టనివ్వమని. క్రీస్తును మొదట ప్రేమించినవాడికి ఊరి మీద ప్రేమ చచ్చిపోతుందనేవాళ్ళు ఆ పిటిషన్ చదవాలి. ఆ ఊరి మట్టిని అంతగా కోరుకున్నది ఎవరు, కాదన్నది ఎవరు?

మరి క్రీస్తును అన్నిటికంటే ఎక్కువ ప్రేమిస్తే కొండ మీద ఏదీ వదలక్కర్లేదా? బోలెడు వదలాలి. అవి మైకులో వినపడవు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు ఈ ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి నరికించారు. అంతకుముందు ఎన్ని ఏళ్ళు ఆ తోటలు పెరిగాయో అందరికీ తెలుసు. తుడుము మీద నేను విన్న ప్రసంగాలకు లెక్కలేదు, గంజాయి మీద విన్నవి రెండు. కొన్ని తెగలవాళ్ళు వాల్మీకి తెగవాళ్ళ ఇంట నీళ్ళు ముట్టని పాత పట్టింపు ఉంది. అది క్రీస్తు బల్ల దగ్గరికి కూడా నడిచొచ్చి గిన్నె దగ్గర కూర్చుంటే దాన్ని తెంచమని ఎందుకు చెప్పరు? మేనమామ ఇంట ముద్ద తినడం లోకమట, అడవి సరుకును అప్పు కింద జమకట్టుకునే షావుకారు సంఘ పెద్దగా ముందు బెంచీలో కూర్చోవడం లోకం కాదట. తల్లిని వదలమనడం తేలిక, తల్లి ఎదురుతిరగదు. డబ్బును వదలమంటే కానుకల పళ్ళెం ఎదురుతిరుగుతుంది. దేవుడికీ సిరికీ కలిపి దాసులు కాలేరని ఏసు చెప్పినప్పుడు పోటీదారుగా నిలబెట్టింది సిరిని. ఎవరి అమ్మనూ నిలబెట్టలేదు.

మరుసటి ఏడు మళ్ళీ కొర్రకొత్తకు ఆ ఊరు వెళ్ళాను, పిలవకుండానే. మధ్యలో ఆ కుర్రాడితో రెండుమూడుసార్లు మాట్లాడాను, లేవీయకాండం చూపించాను. వాడు తల ఊపాడు గానీ ఏమీ అనలేదు. ఆ ఏడు కొత్త బుధవారం పడింది. పూజారి పని అయిపోయింది, ఊరంతా తింటోంది. ఈ ఇంట పొయ్యి మీద కుండ లేదు. దూలానికి కట్ట కట్టి వేలాడదీసిన కొర్ర వెన్నులు కనబడ్డాయి. అవి ఎవరికీ పెట్టనివి, కోసిన రోజే వాడు విడిగా కట్టుకున్నవి. ఆదివారం మందిరంలో బల్ల మీద పెట్టి వచ్చి అప్పుడు తింటానన్నాడట. పాస్టరుకు ఇంకా చెప్పలేదు.

"నువ్వు తిన్నావా?" అని ఆమెను అడిగాను.

"ఎలగ తింటాను? ఆడు తిన్లేదు కదా." తుంగచాప దులిపి నాకు వేసింది. "పాత సోడి అంబలుంది, తాగుతావా? కొత్తది ఆదోరం దాకా లేదు."